బీకాం అయిపోయింది, ఇంటర్‌లో సీఈసీ. ఇప్పుడు నర్సింగ్‌లోకి రావాలంటే ఏ దారి?

పుత్తూరు_బీకాం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మాది పుత్తూరు, నాకు 24 ఏళ్ళు. ఇంటర్ సీఈసీ, ఆ తర్వాత తిరుపతిలో బీకాం కంప్యూటర్స్ చేశాను, అయిపోయి మూడేళ్ళయింది. ఇప్పుడు తిరుపతిలోనే ఒక ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాను. పని కష్టమేమీ కాదు, జీతం కూడా ఏదో వస్తోంది.

పోయిన ఏడాది మా నానమ్మకి పక్షవాతం వచ్చింది. తిరుపతి రుయా ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉన్నాం, రాత్రిళ్ళు తోడుగా నేనే ఉండేదాన్ని. అక్కడ ఒక సిస్టర్ నాకు ముక్కు ట్యూబులో పాలు ఎట్లా పొయ్యాలో, పోసే ముందు తల వైపు ఎంత ఎత్తు పెట్టాలో, రెండు గంటలకొకసారి మనిషిని నొప్పి లేకుండా పక్కకి ఎట్లా తిప్పాలో ఓపిగ్గా చూపించింది. వార్డు నిండా మనుషులే, ఆమెకి కూర్చోడానికి కూడా టైం లేదు, అయినా మా నానమ్మ వీపు మీద ఎర్రగా కందిన చోటు మొదట చూసింది ఆమే. ఇంకో రోజు ఆలస్యమైతే పుండు పడేదని చెప్పింది. ఇంటికొచ్చాక ఆ పనులన్నీ నేనే చేశాను, ఒక్క పుండు కూడా పడలేదు. అప్పటినుంచి నా మనసు ఈ రిటర్నుల్లో లేదు. ఇది ఆవేశంలో అనుకున్న మాట కాదు, ఏడాదిగా ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు అసలు టెన్షన్ ఏంటంటే ఎవర్ని అడిగినా ఒక్కో మాట చెబుతున్నారు. తిరుపతిలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఏడాది డిప్లొమా చేస్తే చాలు, డిగ్రీ ఉంది కాబట్టి వెంటనే స్టాఫ్ నర్స్ ఉద్యోగం అన్నారు. తెలిసినాయన ఒకరు, వేరే రాష్ట్రంలో కాలేజీకి పోకుండానే జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) సర్టిఫికెట్ తెప్పిస్తానన్నాడు. అమెరికాలో ఉన్న మా కజిన్ అయితే అక్కడ వేరే డిగ్రీ చేసినవాళ్ళకి ఏడాదిన్నరలో నర్సింగ్ డిగ్రీ ఇచ్చేస్తారు, ఇక్కడ కూడా ఉంటుంది వెతుకు అంటోంది. వెతికాను, నాకైతే కనపడలేదు.

నా బీకాం దేనికైనా పనికొస్తుందా, లేక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలా? సీఈసీ చదివినదాన్ని బీఎస్సీ నర్సింగ్‌లో తీసుకుంటారా? మా నాన్నకి మూడెకరాల మామిడి తోట, ఒక ఏడు కాస్తే ఒక ఏడు కాయదు, కాబట్టి ఫీజు ఆలోచించాలి. అమ్మ పెళ్ళి గురించి బాధపడుతోంది, నైట్ డ్యూటీలంటే ఎవరు చేసుకుంటారు అంటోంది. తెలిసినవాళ్ళు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

నైట్_డ్యూటీ_అక్క:

చెల్లీ, నేను కూడా నీలాగే వచ్చినదాన్నే. బీఏ చేసి, రెండేళ్ళు స్కూల్లో పాఠాలు చెప్పి, 25 ఏళ్ళప్పుడు జీఎన్‌ఎంలో చేరాను. ఇప్పుడు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నాను. మధ్యలో పోస్ట్ బేసిక్, అంటే జీఎన్‌ఎం తర్వాత చేసే రెండేళ్ళ బీఎస్సీ నర్సింగ్, అది కూడా చేశాను. అందుకే కొంచెం పెద్దగా రాస్తాను, చదువు.

ముందు నీ కజిన్ మాట. ఆమె చెప్పింది అబద్ధం కాదు, అమెరికాలో అట్లాంటి కోర్సులు ఉన్నాయి, వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్ళు ఏడాది, ఏడాదిన్నరలో బీఎస్‌ఎన్ అనే నర్సింగ్ డిగ్రీ పూర్తి చేస్తారు. మన దేశంలో అట్లాంటిది లేదు. ఇక్కడ నర్సింగ్‌లోకి వచ్చే తలుపు ఇంటర్ దగ్గరే ఉంటుంది. నువ్వు బీకాం చేసినా, ఎంబీఏ చేసినా వాళ్ళు చూసేది ఇంటర్ మెమోనే. ఇది వినగానే నాకు అప్పట్లో ఏడుపొచ్చింది, మూడేళ్ళు వృథా అయ్యాయని. కానీ ఈ ఒక్క విషయం ముందే ఒప్పుకుంటే మిగతా లెక్క సులభంగా తేలుతుంది.

సీఈసీ వాళ్ళకి నేరుగా ఉన్న దారి జీఎన్‌ఎం. మూడేళ్ళు. ఇంటర్ ఏ గ్రూపైనా పరవాలేదు, 40 శాతం మార్కులుండాలి, ఇంగ్లీషు పాసై ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకి 5 శాతం సడలింపు ఉంటుంది. సీట్లు ఇచ్చేటప్పుడు సైన్స్ వాళ్ళకి ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి గవర్నమెంట్ నర్సింగ్ స్కూల్లో సీటు కోసం అప్లై చెయ్యి, కానీ దాని మీదే ఆశ పెట్టుకుని ఏడాది పోగొట్టుకోకు. వయసు 17 నుంచి 35 దాకా, నీకు ఆ ఇబ్బందే లేదు.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. దానికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి 45 శాతం ఉండాలి, ఇంగ్లీషు పాసవ్వాలి. సీఈసీతో కుదరదు. ఈ పోస్టు చదువుతున్నవాళ్ళలో బైపీసీ తర్వాత బీకామో బీఎస్సీయో చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీరు దర్జాగా బీఎస్సీ నర్సింగ్‌కే వెళ్ళండి.

ఇప్పుడు లెక్క చూడు. నువ్వు సైన్స్ సబ్జెక్టులు మళ్ళీ రాసి బీఎస్సీకి పోతే అది ఒక ఏడాది, ఇది నాలుగేళ్ళు, మొత్తం ఐదు. జీఎన్‌ఎం చేసి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆ తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే మూడు, రెండు, అది కూడా ఐదే. చివరికి రెండు దారుల్లోనూ చేతిలో నర్సింగ్ డిగ్రీయే ఉంటుంది, ఎమ్మెస్సీకి కూడా రెండూ పనికొస్తాయి. తేడా ఏంటంటే జీఎన్‌ఎం దారిలో మూడో ఏడు అయ్యేసరికి నువ్వు రిజిస్టర్డ్ నర్సువి, జీతం తెచ్చుకోగలవు. మీ నాన్న తోట కాయని ఏడు వచ్చినా నీ చదువు ఆగదు. నేను అందుకే అది ఎంచుకున్నాను. మొదటి జీతం 13 వేలు, చాలా తక్కువే, దాచిపెట్టి చెప్పడం ఎందుకు. మూడేళ్ళ అనుభవం వచ్చి ఐసీయూ పని చేతికి వచ్చాక కానీ మారలేదు.

సైన్స్ రాకపోతే ఎట్లా అని భయం ఉంటుంది కదా. మొదటి ఏడు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ఉంటాయి. మొదటి మూడు నెలలు నాకు గుండెలో ఎన్ని గదులో కూడా తెలియక పక్క అమ్మాయిని అడిగేదాన్ని, ఆ పిల్లకి 17 ఏళ్ళు. అడగడానికి మొహమాటపడకు. నేను గోడకి ఎముకల బొమ్మ అతికించుకుని రోజూ రాత్రి పేర్లు చదువుకునేదాన్ని. అదే ఏడు సైకాలజీ, సోషియాలజీ, నర్సింగ్ ఫండమెంటల్స్ కూడా ఉంటాయి, అక్కడ నువ్వే ముందుంటావు, ఎందుకంటే డిగ్రీ చదివిన మనిషికి పేపర్ రాయడం తెలుసు. రెండో ఏడు మెడికల్ సర్జికల్, పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం. మూడో ఏడు మిడ్‌వైఫరీ, దాని తర్వాత ఇంటర్న్‌షిప్. పోస్టింగ్స్ మొదలయ్యాక పుస్తకంలో అర్థం కానిది వార్డులో అర్థమవుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నానమ్మకి చెయ్యడం వేరు, తెలియని మగ పేషెంటుకి బెడ్‌పాన్ పెట్టడం వేరు. నువ్వు రాత్రంతా చూసుకున్న మనిషి తెల్లారేసరికి పోతే, ఆ మంచం తుడిపించి ఇంకో పేషెంటుని తీసుకోవాల్సి వస్తుంది. నాకు మొదటిసారి అట్లా జరిగినప్పుడు స్టోర్ రూంలోకి పోయి ఏడ్చాను, సీనియర్ సిస్టర్ వచ్చి ఐదు నిమిషాలు పక్కన నిలబడి, తర్వాత హ్యాండోవర్ (తర్వాతి షిఫ్టు వాళ్ళకి అప్పగించే నోటు) రాయమంది. చేరే ముందు వారం రోజులైనా ఎవరైనా నర్సుతో మాట్లాడి, వాళ్ళ డ్యూటీ ఎట్లా ఉంటుందో చూడు. నీ పోస్ట్ చదివితే మాత్రం నువ్వు ఉండగలవనే అనిపిస్తోంది. వీపు మీద కందిన చోటు గుర్తుపెట్టుకుని ఇంట్లో ఏడాది పాటు పుండు పడకుండా చూసుకున్నావంటే అది చిన్న పని కాదు.

ఇంటర్_సార్:

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పై అక్క చెప్పిన రెండు దారుల లెక్క సరైనదే, కానీ బీఎస్సీ దారిని అంత తొందరగా పక్కన పెట్టొద్దమ్మా. దానికి ఒక కారణం ఉంది, చివర్లో చెబుతాను.

ఇంటర్ ఒకసారి పాసైనవాళ్ళు ఎన్‌ఐఓఎస్‌లో, అంటే జాతీయ ఓపెన్ స్కూల్లో, కావాల్సిన సబ్జెక్టులు మాత్రమే తీసుకుని రాయొచ్చు, దాన్ని పార్ట్ అడ్మిషన్ అంటారు. నీకు కావాల్సింది ఫిజిక్స్ 312, కెమిస్ట్రీ 313, బయాలజీ 314. ఇంగ్లీషు 302 కూడా కలిపి నాలుగూ ఒకే చోట రాస్తే అన్నీ ఒకే బోర్డు మెమోలో ఉంటాయి, తర్వాత తలనొప్పి తగ్గుతుంది. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్ నెలల్లో. ప్రాక్టికల్స్ ఉంటాయి, వాటికి తప్పకుండా పోవాలి. సైన్స్‌తో ఓపెన్ స్కూల్ ఇంటర్ చేసినవాళ్ళని బీఎస్సీ నర్సింగ్‌కి తీసుకోవచ్చని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. అయినా నువ్వు ఫీజు కట్టే ముందు రెండు మెమోలతో, అంటే పాత ఇంటర్ మెమో, కొత్త సబ్జెక్టుల మెమోతో దరఖాస్తు తీసుకుంటారా అని విజయవాడలో ఎన్‌టీఆర్ హెల్త్ యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, జవాబు ప్రింట్ తీసి దాచుకో. నోటిమాట మీద ఏడాది పెట్టొద్దు.

రెండో మెట్టు ప్రవేశ పరీక్ష. మేమంతా ఇప్పటికీ ఎంసెట్ అనే అంటాం, ఇప్పుడది ఏపీ ఈఏపీసెట్. బైపీసీ పేపర్లో బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు. డాక్టర్ సీటు కోసం రాసే నీట్ స్థాయి ఇక్కడ అక్కర్లేదు. జువాలజీలో మానవ శరీరానికి సంబంధించిన పాఠాలు ముందు చదివితే మార్కులూ వస్తాయి, రేపు అనాటమీకీ అవే పునాది. ఫిజిక్స్ మాత్రం కామర్స్ పిల్లలకి కష్టంగానే ఉంటుంది, దానికి ఎవరి దగ్గరైనా ట్యూషన్ పెట్టుకో. ఉద్యోగం చేస్తూ ఏడాదిలో నాలుగు సబ్జెక్టులు, పైన ఈఏపీసెట్ అంటే పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు కూర్చోగలిగే మనిషికే.

కారణం ఏంటంటే సెంట్రల్ ఉద్యోగాలు. ఎయిమ్స్ వాళ్ళు నర్సింగ్ ఆఫీసర్లని నార్సెట్ అనే పరీక్షతో తీసుకుంటారు, మంగళగిరి ఎయిమ్స్ కూడా అందులో ఉంది. బీఎస్సీ వాళ్ళు రిజిస్ట్రేషన్ ఉంటే నేరుగా రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్ళకి 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం ఉండాలి. వయసు పరిమితి 30, ఓబీసీకి మూడేళ్ళు, ఎస్సీ, ఎస్టీకి ఐదేళ్ళు ఎక్కువ. నీకు 24. జీఎన్‌ఎం అయ్యేసరికి 27 దాటుతుంది, రెండేళ్ళ అనుభవం వచ్చేసరికి 29, 30 మధ్య ఉంటావు. బీఎస్సీ దారిలో కూడా అయ్యేసరికి 29, 30. అంటే రెండు దారుల్లోనూ ఓసీ అయితే దాదాపు ఒకే ఒక్క అవకాశం, ఒక ఏడాది ఎక్కడైనా జారినా అది కూడా పోతుంది. రిజర్వేషన్ ఉంటే కొంచెం ఊపిరి ఆడుతుంది. రాష్ట్ర ప్రభుత్వ స్టాఫ్ నర్స్ పోస్టులకి ఇంత ఇరుకు లేదు, ఈమధ్య నోటిఫికేషన్లలో 42 ఏళ్ళ దాకా ఇస్తున్నారు, జీఎన్‌ఎం అయినా బీఎస్సీ అయినా సరిపోతుంది. కాబట్టి నీకు ఎయిమ్స్ కోరిక ఉందా, లేదా మన జిల్లాలో పని చాలా అన్నది ముందు తేల్చుకో. దాన్ని బట్టే దారి.

చిత్తూరు_అన్న:

చెల్లెమ్మా, నువ్వు రాసిన ఆ మొదటి రెండు మాటలు, ఏడాది డిప్లొమా, కాలేజీకి పోకుండా సర్టిఫికెట్, ఈ రెండింటి వైపు చూడను కూడా చూడొద్దు. మా సొంత చెల్లెలికి జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ఆమె కూడా డిగ్రీ అయ్యాక ఇట్లాగే ఒక చోట చేరింది. తెల్ల కోటు ఇచ్చారు, ఫోటోలు తీశారు, బీపీ చూడటం, ఇంజెక్షన్ చెయ్యడం నేర్పారు. లక్షా పది వేలు కట్టాం, అమ్మ గాజులు కుదువ పెట్టి. అయిపోయాక ఆసుపత్రికి పోతే మొదటి ప్రశ్న, నీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఏదమ్మా అని. అట్లాంటిది ఒకటుందని కూడా మాకు తెలియదు. ఆ కోర్సు పేషెంట్ కేర్ అసిస్టెంట్ పనికి సంబంధించింది, నర్సు చదువు కాదు. అసిస్టెంట్ పని తక్కువదని నేను అనను, చాలా అవసరమైన పని, మా చెల్లెలు రెండేళ్ళు అదే చేసింది. కానీ నర్సువి అవుతావని చెప్పి అది అమ్మడం మోసం. ఆ తర్వాత ఆమె మళ్ళీ జీఎన్‌ఎంలో చేరింది, ఇప్పుడు రెండో ఏడు.

నర్సు అని పిలిపించుకోవాలంటే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరుండాలి, ఆ రిజిస్ట్రేషన్‌ని ఆర్‌ఎన్ఆర్‌ఎం (రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) అంటారు. కౌన్సిల్ ఆ నంబర్ ఇవ్వాలంటే నువ్వు చదివిన స్కూలుకి గుర్తింపు ఉండాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్లో రాష్ట్రాల వారీగా, ఏడాది వారీగా స్కూళ్ళ లిస్టు ఉంటుంది. నువ్వు చేరబోయే ఏడాది లిస్టులో ఆ స్కూలు పేరు, ఆ కోర్సు పేరు, ఎన్ని సీట్లో చూడు. కొన్ని చోట్ల కాలేజీకి బీఎస్సీకి గుర్తింపు ఉంటుంది కానీ జీఎన్‌ఎంకి ఉండదు, ఆ తేడా కూడా చూడాలి. బెంగళూరులోనో తమిళనాడులోనో చదివి ఇక్కడ పనిచెయ్యాలనుకున్నా ఇదే, అక్కడి కౌన్సిల్ గుర్తింపు ఒక్కటి చూసి సరిపెట్టుకోవద్దు.

ఆసుపత్రి చూడు. స్కూలు బిల్డింగ్ ఎంత పెద్దగా ఉన్నా, పిల్లల్ని పోస్టింగ్స్‌కి ఏ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ ప్రసవాలు జరుగుతాయా, రోజూ బస్సు పెడతారా అని అక్కడ చదువుతున్న పిల్లల్నే గేటు బయట అడుగు. మా చెల్లెలి స్కూలు ఎంచుకునేటప్పుడు నేను రెండు రోజులు అట్లా గేటు దగ్గర నిలబడ్డాను, సిగ్గేమీ పడలేదు. ఒక స్కూలు పిల్లలైతే ఆరు నెలలైనా లేబర్ రూం మొహం చూడలేదన్నారు, అక్కడినుంచి వచ్చేశాం.

డబ్బు సంగతి. నీ బీకాంకి ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుని ఉంటే ఈ కోర్సుకి కూడా వస్తుందని లెక్క వేసుకోవద్దు. ఒక స్థాయి చదువు పూర్తిచేసి మళ్ళీ అదే స్థాయిలో వేరే కోర్సు చేరితే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రాదు, చాలామంది చేరిన తర్వాత ఇది తెలిసి ఇబ్బంది పడతారు. బ్యాంకు లోను అడుగు. నర్సింగ్ డిప్లొమాకి, డిగ్రీకి రెండింటికీ విద్యా రుణం ఉంటుంది, 4 లక్షల లోపు అయితే పొలం కాగితాలు పెట్టక్కర్లేదు, కోర్సు అయ్యాక ఏడాది దాకా వాయిదాలు మొదలవ్వవు. ఇంకో లాభం ఏంటంటే గుర్తింపు లేని చోటికి బ్యాంకు మేనేజరు లోను ఇవ్వడు, మేము ఈ పని మొదట్లోనే చేసి ఉంటే ఆ లక్షా పది వేలు పోయేవి కావు.

పాకాల_అమ్మ:

మా అమ్మాయి ఫోనులో చూసి చెబితే రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి. మా అమ్మాయి నర్సు, తొమ్మిదేళ్ళయింది. పాపా, మీ అమ్మ భయం నాకు కొత్త కాదు, నేనూ అదే మాట అన్నదాన్ని. రాత్రి డ్యూటీ అని చెప్పగానే రెండు సంబంధాలు వెనక్కి పోయాయి, నిజమే. ఆ రోజుల్లో నేను మా అమ్మాయిని మానేయమని పోరాను. అది మానలేదు. మూడో సంబంధం వాళ్ళు, అబ్బాయి అమ్మకి షుగరు, ఇంట్లో ఒక నర్సు ఉంటే మాకు ధైర్యం అని వాళ్ళే అడిగి చేసుకున్నారు. అల్లుడు నైటు డ్యూటీ రోజు బండి మీద దింపి, పొద్దున పోయి తెచ్చుకుంటాడు.

కష్టం లేదని చెప్పను. పండగ పూట ఉండదు, గంగజాతరకి సెలవు దొరకదు, రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే చుట్టాలు తలుపు కొడతారు, ఇంకా నిద్రేనా అంటారు. ఇంట్లో వాళ్ళకి ఇది అర్థం కావాలి. మీ అమ్మని ఒకసారి నీతోపాటు తీసుకుని పోయి నర్సమ్మల హాస్టలు చూపించు, అక్కడ వార్డెనుతో మాట్లాడనీ. నాకు అది చూశాకే మనసు కుదుటపడింది. ఇంకో మాట, మీ నానమ్మకి చేసింది మీ అమ్మ కళ్ళతో చూసింది కదా, దాని గురించి ఎవరూ లేనప్పుడు ఆమెతో మాట్లాడు.

పుత్తూరు_బీకాం:

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పొద్దున కూడా ఫోన్ చేశారు, ఈ నెలాఖరు లోపు కడితే డిస్కౌంట్ అన్నారు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వస్తుందా అని ఒక్కటే అడిగాను, పై మేడమ్‌తో మాట్లాడిస్తామని పెట్టేశారు. చిత్తూరు అన్నా, మీ చెల్లెలి గురించి రాసినందుకు ప్రత్యేకంగా థ్యాంక్స్.

సార్, మాది బీసీ-బీ, కాబట్టి మీరు చెప్పిన లెక్కలో నాకు 33 దాకా ఉన్నట్టే అనుకుంటాను. ఇంకో ప్రశ్న. ఆఫీసులో ఒకరు బీకాం ఉంది కదా, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చెయ్, అదే ఆసుపత్రి, అదే తెల్ల గోడలు అన్నారు. ఇంకొకరు జర్మనీకి పోతే చదువుతూనే జీతం ఇస్తారట అన్నారు. ఈ రెండింటి గురించి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

నైట్_డ్యూటీ_అక్క:

అడ్మినిస్ట్రేషన్ మంచి చదువే, బీకాంతో నేరుగా చెయ్యొచ్చు, రెండేళ్ళలో అయిపోతుంది. మా ఆసుపత్రిలో బిల్లింగ్‌లో, ఇన్సూరెన్స్ డెస్క్‌లో, ఎన్‌టీఆర్ వైద్యసేవ కౌంటర్లో నీలాంటి చదువు వాళ్ళు చాలా అవసరం. కానీ నువ్వు రాసిన మొదటి పోస్టులో ఎక్కడా ఆసుపత్రి గురించి రాయలేదు, పేషెంటు గురించి రాశావు. అడ్మిన్‌లో ఉంటే నీ టేబుల్ మీదకి వచ్చేది మళ్ళీ ఫైలే. నాకైతే అది నీకు సరిపోదనిపిస్తోంది.

బంగారుపాళ్యం_జర్మనీ:

అక్కా, నేను బంగారుపాళ్యం అబ్బాయిని, ఇక్కడ జర్మనీలో నర్సింగ్ అవుస్‌బిల్డుంగ్ (పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) రెండో ఏడు చేస్తున్నాను. డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చాను, నేను కూడా నీలాగే ముందు నర్సింగ్ ఏమీ చదవలేదు.

నువ్వు విన్నది నిజం. మూడేళ్ళ శిక్షణ, 2020 నుంచి ఇక్కడ కొత్త చట్టం ప్రకారం పెద్దవాళ్ళకి, పిల్లలకి, ముసలివాళ్ళకి అందరికీ కలిపి ఒకే కోర్సు చేశారు. కనీసం 2100 గంటలు క్లాసు, 2500 గంటలు ఆసుపత్రిలో, వృద్ధాశ్రమంలో పని. ఫీజు ఉండదు, మొదటి ఏడు నుంచే స్టైపెండ్ వస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో నెలకి సుమారు 1400 యూరోలు, పన్ను, ఇన్సూరెన్స్ పోగా చేతికి తక్కువే వస్తుంది, గది అద్దె, తిండి పోతే పెద్దగా మిగలదు. ఇంటర్ ఏ గ్రూపైనా పరవాలేదు.

కానీ అసలు కష్టం భాష. జర్మన్ రాయడం, మాట్లాడటం బీ1 స్థాయి అయినా ఉండాలి, చాలా ఆసుపత్రులు దాని పై స్థాయి బీ2 అడుగుతాయి. నేను చెన్నైలో గోతె ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్ష రాశాను, భాషకే ఏడాదిన్నర పట్టింది, మొదటిసారి బీ1లో వినే భాగం పోయింది. వచ్చాక కూడా ఇక్కడ ముసలాళ్ళు మాట్లాడే యాస అర్థమవ్వడానికి ఆరు నెలలు పట్టింది. ఒక తాత మూడు రోజులు నొప్పి అని చెబుతుంటే నేను చలి అనుకుని దుప్పటి కప్పాను. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. కాబట్టి భాష అంటే వీసా కాగితం కోసం అనుకోవద్దు, పేషెంటు కోసం.

ఇంకోటి ఆలోచించుకో. ఇక్కడి శిక్షణతో వచ్చే లైసెన్సు జర్మనీది. అమ్మానాన్నల కోసం తిరుపతి వచ్చేసి అక్కడ స్టాఫ్ నర్సుగా చేరాలంటే అంత సులభం కాదు. అదే నువ్వు అక్కడ జీఎన్‌ఎంయో బీఎస్సీయో చేసి, రిజిస్ట్రేషన్ తీసుకుని, తర్వాత బీ2 నేర్చుకుని వస్తే, ఇక్కడ నీ చదువుని పోల్చి చూసి కొంత కాలం అడాప్టేషన్ శిక్షణ లేదా ఒక పరీక్ష పెట్టి గుర్తిస్తారు. అప్పుడు రెండు దేశాల్లోనూ నువ్వు నర్సువే. నాకు ఈ సంగతి అప్పుడు ఎవరూ చెప్పలేదు. యూకే వైపు చూసినా ముందు అక్కడ రిజిస్టర్డ్ నర్సు అయి ఉండాలి, ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాత వాళ్ళ రెండు పరీక్షలు. ఏజెంటు మూడు లక్షలు, నాలుగు లక్షలు అడిగితే మాత్రం ఇవ్వకు, ఆసుపత్రుల వెబ్‌సైట్లలోనే ఖాళీలు పెడతారు, నేను సొంతంగా 60 చోట్లకి మెయిల్ పెట్టాను, నాలుగు చోట్ల ఇంటర్వ్యూ పిలిచారు.

పుత్తూరు_బీకాం:

రెండు వారాలయింది, ఏం చేశానో చెప్పాలి కదా. అమ్మని తీసుకుని తిరుపతిలో ఒకటి, చిత్తూరు వైపు రెండు నర్సింగ్ స్కూళ్ళు చూసొచ్చాం. గేటు బయట పిల్లలతో కూడా మాట్లాడాను. ఒక దాన్ని కౌన్సిల్ లిస్టులో చూస్తే బీఎస్సీకి మాత్రమే గుర్తింపు ఉంది, వాళ్ళు జీఎన్‌ఎంకి కూడా అప్లికేషన్ ఇచ్చారు. చిత్తూరు అన్న చెప్పకపోతే నేను అది చూసేదాన్నే కాదు.

జీఎన్‌ఎం అనుకుంటున్నాను. ఎయిమ్స్ కోరిక ఉంది కానీ ఇంట్లో పరిస్థితికి మూడేళ్ళలో జీతం రావడం ముఖ్యం, 33 దాకా టైం కూడా ఉంది. పోస్ట్ బేసిక్ తర్వాత చేస్తాను. ఆఫీసులో నోటిఫికేషన్ వచ్చేదాకా ఉండమన్నారు, సార్ వాళ్ళు మంచివాళ్ళు. ఈ లోపల ఇంటర్ జువాలజీ పుస్తకం ఒకటి కొన్నాను, రక్తప్రసరణ దగ్గర ఉన్నాను.

అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ హాస్టల్ చూసి వచ్చేటప్పుడు బస్సులో, ఆ పిల్లలకి నైట్ డ్యూటీ రోజు తిండి ఎవరు పెడతారు అని అడిగింది.

నైట్_డ్యూటీ_అక్క:

హాస్టల్లోనే రాత్రి తినేసి పోతారు, వార్డులో టీ, బిస్కెట్లు దొరుకుతాయి, మీ అమ్మకి చెప్పు. నువ్వు ఇప్పుడే కాగితాలు సర్దుకో. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు లోకల్ కోటా కోసం అడుగుతారు, పాత స్కూలుకి పోయి తెచ్చుకోవడానికే వారం పడుతుంది. డిగ్రీ కాలేజీ టీసీ, క్యాస్ట్, ఇన్‌కం, మధ్యలో ఉద్యోగం చేసిన మూడేళ్ళకి గ్యాప్ అఫిడవిట్. జీఎన్‌ఎం నోటిఫికేషన్ డీఎంఈ (వైద్య విద్య డైరెక్టరేట్) ఇస్తుంది, ఆ వెబ్‌సైటు వారానికొకసారి చూస్తూ ఉండు, పేపర్లో పడేదాకా ఆగకు. సెకన్ల ముల్లు ఉన్న చేతి వాచీ ఒకటి కొనుక్కో, నాడి లెక్కపెట్టడానికి మొదటి రోజు నుంచే కావాలి. ఇంట్లో ఉంది కదా నానమ్మ, ఈ రాత్రి నుంచే ఆమె నాడి చూడటం మొదలుపెట్టు, బొటనవేలితో కాదు, చూపుడు వేలు, మధ్య వేలు పెట్టి, పూర్తిగా ఒక నిమిషం.